ముప్పై మెగాహెర్ట్జ్‌కి లోపల

మా ల్యాబులో ఒక గది ఉంది.
గోడల నిండా నీలం నురుగు ముళ్లు.
తలుపు మూస్తే షార్జా మొత్తం బయటే ఆగిపోతుంది,
టవర్లు, ట్యాక్సీల వైర్‌లెస్సులు, పక్క షెడ్డులోని వెల్డింగులు,
ఆఖరికి నా జేబులోని ఫోనుకి కూడా ఊపిరాడదు.

అక్కడ తిరుగుడు బల్ల మీద ఒక మిక్సీని కూర్చోబెడతాను.
అది ఒట్టి గిన్నెతో గిరగిరా తిరుగుతుంటే
యాంటెన్నా చెవి ఒగ్గి వింటుంది.
మన చెవికి అందే చప్పుడు కాదది.
పని చేసే ప్రతి వస్తువూ లోలోపల ఏదో గొణుగుతుంది.
ఆ గొణుగుడికి తెర మీద ఒక ఎర్రగీత.
దీపాలనైతే వైరు వెంబడి వింటాను,
నూటయాభై కిలోహెర్ట్జ్ నుంచి ముప్పై మెగాహెర్ట్జ్ దాకా.
గీత దాటితే ఫెయిల్.

కురియన్ సార్ రూలు పుస్తకాన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు:
పక్కవాడికి అడ్డు రాకు.
పక్కవాడు అడ్డొచ్చినా చెడిపోకు.
చెప్పి, సులేమానీ పోసుకుంటాడు.

రెండో ముక్కకి పరీక్ష వేరు.
పిస్తోలు లాంటి దానితో ఎనిమిది వేల వోల్టులు చురుక్కుమనిపిస్తాను.
వస్తువు ఒకసారి ఉలిక్కిపడొచ్చు,
తర్వాత తనంతట తానే మళ్లీ పనిలో పడాలి.
మూడో నెల కూడా జీతం లేదన్న ఫోను పెట్టేసి
ఓదెలన్న మిగిలిన ఉల్లిగడ్డ సగం కోసిన రాత్రి
నాకు ఆ పరీక్షే గుర్తొచ్చింది.
పాస్ అని ఎట్లా రాయను?

ఓదెలన్నకి ఒక రేడియో ఉంది.
పాత సామాన్ల అంగట్లో పదిహేను దిర్హమ్‌లకి కొన్నది,
వీపు మూత పడిపోకుండా రబ్బరు బ్యాండు.
రాత్రి పదకొండు దాటాక మీడియం వేవు మీద
ఎక్కడెక్కడి స్టేషన్లో తేలుకుంటూ వచ్చేవి.
రెండు వారాలుగా ఏదీ లేదు.
తేనెతుట్టెను డబ్బాలో వేసి ఊపినట్టు ఒకటే జుయ్యిమని మోత.
"నువ్వు జేసేది గీ పనే గద తమ్మీ, జర సూడరాదు" అన్నాడు.

శుక్రవారం సోదా మొదలుపెట్టాను.
లస్మన్న చార్జరు పీకాను. మోత తగ్గలేదు.
రైస్ కుక్కరు. టేబులు ఫ్యాను. దోమల మిషిను.
బాజన్న వీడియో కాల్‌లో ఉన్నాడు,
పాప నిద్రకళ్లతో ఏదో పాఠం అప్పజెబుతోంది,
అతని చార్జరు జోలికి పోలేదు.
ఇక మిగిలింది గది నడిమిట్లోని ట్యూబులైటు.

ఆపాను.
ఎనిమిది మంచాల చీకట్లో రేడియో మోత ఠక్కున ఆగింది.

స్టూలెక్కి దించి, టార్చి వెలుగులో వెనక లేబులు చదివాను.
మా ల్యాబు రిపోర్టు నంబరు.
పోయిన రంజాను నెలలో నా సంతకంతో పాసయిన మోడలు.

తాహిర్ సేటు తెచ్చిన శాంపిల్ నాకు బాగా గుర్తు.
అందులో రాగితీగ చుట్టిన కాయిల్ ఉండింది,
పసుపురంగు కెపాసిటర్ ఉండింది.
ఇందులో కెపాసిటర్ చోటు ఖాళీ.
కాయిల్ చోట రెండు రంధ్రాలను కలుపుతూ ఒక తీగముక్క.
పేర్లు మాత్రం బోర్డు మీద అచ్చేసి ఉన్నాయి,
విస్తరేసి మనిషిని పిలవనట్టు.
ఎంత మిగిలి ఉంటుంది? అర దిర్హం?

చెడిపోయిన ప్రింటరు కేబులుకున్న నల్ల గుండును కోసి తీశాను,
లైటు వైరును దాని చుట్టూ ఐదు చుట్లు చుట్టాను.
వెలిగించాం.
మోత సగానికి సగం పడిపోయింది, పూర్తిగా పోలేదు.
దాని అడుగున ఎవరిదో ఆడగొంతు,
నీళ్లకి అవతల ఇరాన్ వైపుది కావచ్చు.
ఓదెలన్న చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.
"మన బాస గాదు. గని సాఫున్నది. ఉండనీ."

పొద్దున ఆ లైటుని విప్పి తువ్వాలలో చుట్టుకున్నాను.
కురియన్ సార్ బల్ల మీద పెట్టాలి,
నా సంతకం ఉన్న కాగితం పక్కనే.
ఇవాళ మా గదికి లైటు లేదని
ఓదెలన్నకి తెలుసు. ఏమీ అనలేదు.
రేడియో బ్యాటరీలు మాత్రం తీసి
కిటికీ కమ్మీల మధ్య ఎండలో పెట్టాడు.